ఎర్రజెండా నుంచి నీలిజెండాకు: గోదావరి డెల్టాలో దళిత నాయకత్వం ఎలా మారింది?

1952 మొదటి సాధారణ ఎన్నికల్లో గోదావరి జిల్లాల్లోని రెండు ఎస్సీ రిజర్వుడు లోక్‌సభ స్థానాలను కమ్యూనిస్టు పార్టీ గెలుచుకుంది. రాజమండ్రి నుంచి కానేటి మోహనరావు, ఏలూరు నుంచి కొండ్రు సుబ్బారావు పార్లమెంటుకు వెళ్లారు. అప్పట్లో కొన్ని నియోజకవర్గాలకు ఒక జనరల్ సభ్యుడు, ఒక రిజర్వుడు సభ్యుడు ఉండేవారు. కాకినాడలో కూడా కమ్యూనిస్టు అభ్యర్థి చెలికాని రామారావే గెలిచారు. అదే ఎన్నికల్లో అమలాపురం నుంచి అంబేడ్కర్ స్థాపించిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున బొజ్జా అప్పలస్వామి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు.

అంటే డెల్టా దళితవాడల్లో ఎర్రజెండా, నీలిజెండా ఒకేసారి ఎగిరిన రోజులున్నాయి. తర్వాత మూడు దశాబ్దాలు ఎర్రజెండాదే పైచేయి. 1985 నుంచి పరిస్థితి తిరగబడింది. వ్యవసాయ కూలీ సంఘంలో, విప్లవ సంఘాల్లో పెరిగిన దళిత కార్యకర్తలు ఒక్కొక్కరే అంబేడ్కర్ వైపు నడిచారు. ఈ మార్పును కొందరు ద్రోహం అన్నారు, కొందరు విముక్తి అన్నారు. ఈ రెండు మాటలూ పక్కనపెట్టి, ఏం మారిందో, ఎందుకు మారిందో, ఏం మిగిలిపోయిందో చూద్దాం. ఈ రోజు క్యాంపస్‌లో "జై భీమ్", "లాల్ సలామ్" రెండూ పక్కపక్కనే వింటున్న విద్యార్థులకు ఈ చరిత్ర అవసరం.

ఎర్రజెండా ఏమిచ్చింది?

ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక గోదావరి డెల్టా వరి గాదె అయింది. ఆ సంపద కాలవ కింద భూమి ఉన్న కులాలకే చేరింది. మాల, మాదిగ కుటుంబాలకు దక్కింది పాలేరుతనం. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యమని ఒప్పుకుని, తెల్లవారకముందే కామందు దొడ్లో హాజరు కావాలి. తండ్రి చేసిన అప్పుకు కొడుకు పాలేరుగా కుదరడం మామూలు సంగతి.

ఈ స్థితిని రాజకీయ సమస్యగా మార్చిన ఘనత కమ్యూనిస్టులకు ఉంది. 1934లో ఆంధ్రలో పార్టీ మొదలయ్యాక కోస్తా జిల్లాల్లో వ్యవసాయ కూలీ సంఘాలు పుట్టాయి. కూలి రేటు, కొలత, పని గంటలు బహిరంగంగా మాట్లాడే విషయాలయ్యాయి. రాత్రి బడులు వచ్చాయి. బుర్రకథ దళితవాడకు వచ్చింది. దళితుల ఇళ్లలో అన్నం తిన్న అగ్రకుల యువకులను జనం మొదటిసారి చూశారు. పుచ్చలపల్లి సుందరయ్య తన పేరులోంచి 'రెడ్డి' తీసేయడం ఆ కాలంలో చిన్న విషయం కాదు. 1948 తర్వాత పార్టీపై నిర్బంధం వచ్చినప్పుడు మలబారు పోలీసుల లాఠీ దెబ్బలు దళితవాడలు కూడా తిన్నాయి. 1952 ఓట్ల వెనక ఈ చరిత్ర అంతా ఉంది.

ఏమివ్వలేకపోయింది?

ఎన్నికల గెలుపు నిలవలేదు. 1952లో ఆంధ్ర ప్రాంతంలో 41 అసెంబ్లీ సీట్లు గెలిచిన పార్టీ, 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో 196 స్థానాలకు 15 మాత్రమే దక్కించుకుంది. 1964లో పార్టీ చీలింది. కానీ దళితుల వైపు నుంచి చూస్తే అసలు చిక్కు ఎన్నికల లెక్కలో లేదు.

ఆంధ్రలో పార్టీ అగ్రనాయకత్వంగా మనకు తెలిసిన పేర్లు చూడండి. సుందరయ్య, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, తరిమెల నాగిరెడ్డి. త్యాగంలో వీళ్లకు వంక పెట్టలేం. అయితే వీరంతా భూమి ఉన్న కులాల నుంచి వచ్చినవారు. రిజర్వుడు సీట్లో గెలిచిన దళితుడు పార్టీకి ఎంపీ అయ్యాడు గానీ, పార్టీ ఏ దారిలో నడవాలో చెప్పే స్థానానికి రాలేదు. మోహనరావు, సుబ్బారావుల పేర్లు ఈనాటి చదువుకున్న దళిత యువతలో ఎంతమందికి తెలుసు?

సిద్ధాంతంలోనూ చిక్కు ఉంది. కూలీ సంఘం దళితుణ్ణి కూలీగా చూసింది. కూలి పెంపు కోసం కొట్లాడింది. కానీ అదే ఊళ్లో చెరువు దగ్గర, గుడి దగ్గర, టీకొట్టులో ఎదురయ్యే అవమానాన్ని వర్గపోరాటం గెలిచాక దానంతటదే పోయే విషయంగా లెక్కేసింది. రైతు కూలీ ఐక్యత అన్న నినాదం కింద, ఊళ్లో పార్టీకి అండగా ఉన్న చిన్న రైతు కులాన్ని నొప్పించకుండా ఉండటం స్థానిక నాయకులకు అలవాటైంది. కులం గురించి మాట్లాడితే ఐక్యత చెడుతుందన్నారు. ఆ ఐక్యతకు మూల్యం ఎప్పుడూ ఒక పక్షమే చెల్లించింది.

కొత్త దారి కాదు, పాత దారే

దళితులు 1985లో అంబేడ్కర్‌ను కొత్తగా కనిపెట్టారని అనుకుంటే పొరపాటు. గోదావరి జిల్లాల్లో స్వతంత్ర దళిత రాజకీయం కమ్యూనిస్టు పార్టీ కంటే ముందే ఉంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ నుంచి ఆది ఆంధ్ర ఉద్యమం కోస్తాలో వ్యాపించింది. రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న 'జయభేరి' పత్రిక నడిపారు. తెల్లదొరతనం వద్దని దేశమంతా పాడుతున్న రోజుల్లో, మాకు నల్లదొరతనమూ వద్దని పాట కట్టారు. స్వాతంత్ర్యం వస్తే అధికారం ఎవరి చేతికి పోతుందన్న ప్రశ్న అది. 1944లో అంబేడ్కర్ కోస్తా జిల్లాల పర్యటనకు వచ్చినప్పుడు ఆయన మాట వినడానికి ఇక్కడ నేల సిద్ధంగానే ఉంది. అప్పలస్వామి తరం ఆ నేలలోంచి వచ్చింది.

అంబేడ్కర్ కూడా ఎర్రజెండాకు ఆమడ దూరంలో నిలబడిన మనిషి కాదు. 1936లో ఆయన పెట్టిన పార్టీ పేరే ఇండిపెండెంట్ లేబర్ పార్టీ. కొంకణ్‌లో ఖోతీ భూస్వామ్యం రద్దుకు బిల్లు తెచ్చారు. 1938 నవంబర్‌లో బొంబాయి కార్మికుల సమ్మెలో కమ్యూనిస్టులతో కలిసి నడిచారు. 1956లో ఖాట్మండులో బుద్ధుడు, మార్క్స్‌ల గురించి ప్రసంగించినప్పుడు దోపిడీ పోవాలన్న లక్ష్యాన్ని ఒప్పుకుంటూనే, హింస, నియంతృత్వం అనే మార్గాలతో విభేదించారు.

కారంచేడు తర్వాత

1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితవాడపై జరిగిన దాడి కోస్తా మొత్తాన్ని కుదిపేసింది. ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. చీరాలలో శిబిరం వెలిసింది. ఆ శిబిరం నడుస్తుండగానే సెప్టెంబర్ 1న దళిత మహాసభ ఏర్పడింది. కత్తి పద్మారావుతో పాటు ముందు నిలిచిన నాయకుడు అప్పలస్వామి కొడుకు బొజ్జా తారకం.

తారకం 1939లో కోనసీమలోని కందికుప్పలో పుట్టారు. నిజామాబాద్‌లో వకీలుగా పనిచేస్తూ అంబేడ్కర్ యువజన సంఘం పెట్టారు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లారు. వామపక్ష ఉద్యమాలతో సన్నిహితంగా ఉంటూ పౌరహక్కుల కేసులు వాదించారు. కారంచేడు నాటికి హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆ పదవికి రాజీనామా చేసి ఉద్యమంలోకి దిగారు.

ఇటువంటి ప్రయాణమే పక్క జిల్లా కృష్ణా నుంచి మరొకరు చేశారు. కె.జి. సత్యమూర్తి, కవిగా శివసాగర్. 1980లో పీపుల్స్‌వార్‌ను స్థాపించిన వారిలో ఒకరు. పార్టీలో కులం ప్రశ్నను లేవనెత్తి, ఆ దశకం చివరికి బయటికొచ్చి, దళిత బహుజన రాజకీయాల్లో పనిచేశారు. సాయుధ విప్లవ పార్టీ స్థాపకుడే తన పార్టీని కులం గురించి నిలదీయవలసి వచ్చిందంటే, ఆ ప్రశ్న ఎంత కాలం నుంచి నలుగుతోందో అర్థం చేసుకోవచ్చు.

తారకం మార్క్స్‌ను వదిలేయలేదు. 'కులం వర్గం' పేరుతో పుస్తకం రాశారు. ఈ దేశంలో భూమి లేకపోవడం, అంటరానితనం ఒకే మనిషి మీద ఒకేసారి పడ్డాయి కాబట్టి ఒకదాన్ని వదిలి రెండోదానితో పోరాడలేమన్నది ఆయన నిలుపుకున్న మాట. కొంతకాలం బీఎస్పీలో, తర్వాత రిపబ్లికన్ పార్టీలో పనిచేశారు. 2016 సెప్టెంబర్‌లో కన్నుమూశారు.

కూలీ నుంచి పౌరుడికి

ఈ మార్పుతో వచ్చిన ముఖ్యమైన ఆలోచన ఏమిటి? ఒక్క మాటలో పౌరుడు. తారకం రాసిన పుస్తకాల్లో సామాన్య కార్యకర్తల చేతుల్లో ఎక్కువగా నలిగింది 'పోలీసులు అరెస్టు చేస్తే'. పోలీసులు పట్టుకెళ్తే నీకు ఏ హక్కులున్నాయి అన్నది అందులో విషయం. విప్లవ సిద్ధాంతం చదివినవారికి ఇది చిన్న పుస్తకంగా కనిపించవచ్చు. స్టేషన్ మెట్లెక్కాలంటే ఊరి పెద్దను వెంటబెట్టుకుపోవలసి వచ్చిన వాడకు మాత్రం అది చాలా పెద్ద మార్పు. పెద్దమనిషి సిఫార్సు అక్కర్లేదు, పార్టీ సెక్రటరీ ఫోనూ అక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ రాయించుకోవడం నీ హక్కు.

కారంచేడు, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు హత్యకు గురైన చుండూరు, ఈ రెండు పోరాటాలూ చట్టాన్ని కొత్త పద్ధతిలో వాడాయి. 1989లో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చుండూరులో నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని పట్టుబట్టి సాధించారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. చట్టం మీద నమ్మకం పెట్టుకున్న ఉద్యమానికి అది గట్టి దెబ్బ. అయినా సాక్ష్యం నిలబెట్టడం, సాక్షిని కాపాడుకోవడం, కేసును ఇరవై ఏళ్లు మోయడం అనే పనులు నాయకత్వంలో భాగమని ఆ పోరాటాలు నేర్పాయి.

తూర్పు యూరప్ ఏం చెబుతుంది?

సరిగ్గా ఇదే కాలంలో ప్రపంచంలో మరోచోట కమ్యూనిజం నుంచి బయటికొచ్చే ప్రయాణం జరిగింది. చెకోస్లొవేకియాలో 1977లో కొందరు రచయితలు, మేధావులు, కార్మికులు 'చార్టర్ 77' అనే పత్రం విడుదల చేశారు. వాళ్లు ప్రభుత్వాన్ని కూలుస్తామనలేదు. మీరు సంతకం చేసిన 1975 హెల్సింకీ ఒప్పందాన్ని, మీ సొంత చట్టాలను పాటించండని అడిగారు. వారిలో ఒకరైన నాటక రచయిత వాస్లావ్ హావెల్ 1989 డిసెంబర్‌లో దేశాధ్యక్షుడయ్యారు. రాజ్యాన్ని దాని మాట మీదే నిలదీయడం అన్న పద్ధతిలో తారకానికీ వాళ్లకూ పోలిక ఉంది.

కానీ కథ అక్కడ ఆగలేదు. అక్కడి రోమా ప్రజలు మనకు అర్థమయ్యే మనుషులు. ఊరి చివర బతుకు, ముట్టుకోవడానికి ఇష్టపడని చూపు. కమ్యూనిస్టు ప్రభుత్వం వాళ్ల సంస్కృతిని అణిచింది గానీ పని ఇచ్చింది. 1989 తర్వాత స్వేచ్ఛ వచ్చింది, చాలామందికి పని పోయింది. 1993లో దేశం రెండుగా విడిపోయినప్పుడు చెక్ పౌరసత్వ చట్టం వల్ల ఎందరో రోమాలు పుట్టి పెరిగిన చోటే పౌరసత్వం లేనివారయ్యారు. 1999 అక్టోబర్‌లో ఊస్తి నాద్ లబెమ్ అనే పట్టణంలో రోమాల ఇళ్లకు, మిగతావాళ్ల ఇళ్లకు మధ్య గోడ కట్టారు. దేశ విదేశాల్లో నిరసన వచ్చాక నవంబర్‌లో కూల్చారు. రోమాలతో ఎలా వ్యవహరిస్తున్నామన్నదే పౌర సమాజానికి గీటురాయి అని హావెలే హెచ్చరించారు.

'పౌరుడు' అన్న మాట గొప్పదే. అయితే ఆ మాటలోకి ఎవరిని రానిస్తారన్నది సమాజం నిర్ణయిస్తుంది. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చెప్పిందీ ఇదే. ఓటులో సమానత్వం, బతుకులో అసమానత్వం ఎంతోకాలం కలిసి నడవవని ఆయన హెచ్చరించారు.

డెల్టాలో నాలుగు పరీక్షలు

గోదావరి జిల్లాల్లో గత మూడు దశాబ్దాల ఘటనలు ఈ పౌరసత్వానికి పెట్టిన పరీక్షలే.

మొదటిది వెంకటాయపాలెం. 1996 డిసెంబర్ 29న రామచంద్రపురం మండలంలోని ఈ ఊళ్లో ఐదుగురు దళితులను హింసించి, ఇద్దరికి శిరోముండనం చేశారు. 2024 ఏప్రిల్ 16న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు, నాడు ఎమ్మెల్యేగా, తీర్పు నాటికి ఎమ్మెల్సీగా ఉన్న తోట త్రిమూర్తులుతో సహా నిందితులకు 18 నెలల జైలుశిక్ష వేసింది. ఇరవై ఏడేళ్లకు పైగా బాధితులు వెనక్కి తగ్గలేదు. కింది కోర్టు తీర్పుకే ఇంతకాలం పట్టిందంటే, గెలుపూ సిగ్గుచేటూ రెండూ అందులోనే ఉన్నాయి.

రెండోది గరగపర్రు. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకోడేరు మండలంలోని ఈ ఊళ్లో, ఊరి మధ్య మిగతా నాయకుల విగ్రహాల పక్కన దళితులు అంబేడ్కర్ విగ్రహం పెట్టారు. దాన్ని తీసేశారు. ప్రశ్నించినందుకు సాంఘిక బహిష్కరణ విధించారు. పొలం పనులకు పిలవడం మానేశారు, కౌలు భూములు వెనక్కి తీసుకున్నారు. గొడవ విగ్రహం గురించి, కొట్టింది కూలి మీద. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే కులం, వర్గం గురించి సగం వాదనలు తీరతాయి.

మూడోది సీతానగరం. 2020 జులైలో తూర్పు గోదావరి జిల్లాలోని ఈ పోలీస్‌స్టేషన్‌లోనే దళిత యువకుడికి శిరోముండనం జరిగింది. హక్కు అడగడానికి వెళ్లే చోటే హక్కు పోయింది.

నాలుగోది అమలాపురం. 2022లో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకు మే 24న పట్టణం తగలబడింది. దళిత మంత్రి పినిపే విశ్వరూప్, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇళ్లకు నిప్పు పెట్టారు. చివరికి పేరు నిలిచింది. మంత్రి పదవి కూడా ఇంటికి కాపలా కాయలేదన్న సంగతీ నిలిచింది.

ఈ ఘటనలకు చట్టంలో జవాబులున్నాయి. 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన సవరణలతో అత్యాచారాల నిరోధక చట్టం బలవంతపు శిరోముండనాన్ని, సాంఘిక, ఆర్థిక బహిష్కరణను పేరు పెట్టి నేరాలుగా చెప్పింది. సాక్షులకు, బాధితులకు రక్షణ హక్కులు చేర్చింది. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసే అధికారికి శిక్ష ఉంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. గ్రామాల్లో పనిచేసే కార్యకర్తకు ఈ నాలుగు అంశాలూ నోటికి రావాలి.

వదిలేసిన మూట

నీలిజెండా వైపు నడిచేటప్పుడు ఒక మూట దారిలో వదిలేశామేమో చూసుకోవాలి. అది భూమి, కూలి, కౌలు. డెల్టాలో సాగు చేసేవాడు ఒకడు, పట్టా ఉన్నవాడు ఇంకొకడు. కౌలు చేస్తున్న దళిత కుటుంబానికి బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం రావాలంటే కాగితం కావాలి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ఆ కాగితానికి భూయజమాని సమ్మతి అడుగుతుంది. యజమాని సంతకం పెట్టకపోతే సాగుదారు లెక్కలోకి రాడు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర గురించి అందరూ మాట్లాడారు. నాట్లు లేక కూలి పోయిన ఆడవాళ్ల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. వరిచేలు చేపల చెరువులైన ఊళ్లలో నాట్లు, కలుపు, కోతలు అన్నీ పోయాయి.

కమ్యూనిస్టులూ మారారు. 1998లో సీపీఎం చొరవతో కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం ఏర్పడి, రెండు గ్లాసుల పద్ధతి మీద పనిచేసింది. దీన్ని ఓట్ల కోసం వేసిన ఎత్తని కొట్టిపారేయనక్కర్లేదు. అలాగని పాత ప్రశ్న తీరిపోయిందనీ అనుకోనక్కర్లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల ఎస్‌ఎఫ్‌ఐ నుంచి అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కు మారింది ఈ తరంలోనే. 2016 జనవరిలో ఆయన మరణం తర్వాత రెండు నినాదాలూ ఒకే ఊరేగింపులో వినిపించాయి.

నాయకత్వం ప్రశ్న మన ఇంట్లోనూ ఉంది. 1994లో మొదలైన మాదిగ దండోరా, దళిత నాయకత్వంలో ఎవరి వాటా ఎంత అని అడిగింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు రాష్ట్రాలకు అధికారముందని చెప్పింది. కమ్యూనిస్టు పార్టీని మనం అడిగిన ప్రశ్ననే మాదిగలు, రెల్లి వంటి చిన్న కులాలు, దళిత స్త్రీలు మనల్ని అడిగితే, ఐక్యత చెడుతుందని జవాబు చెప్పలేం. ఆ జవాబు మనం ఒకప్పుడు విన్నదే.

సంఘం పెట్టేవారికి మూడు ప్రశ్నలు

ఊళ్లో, కాలేజీలో సంఘం పెట్టేవారు జెండా రంగు కంటే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. రాజీ మాటలకు ఎవరు కూర్చుంటున్నారు, బాధితులా, వాళ్ల తరఫున ఇంకెవరైనానా? కేసు పెట్టిన మర్నాడు పని పోతే ఆ కుటుంబానికి పొయ్యి వెలిగే ఏర్పాటు సంఘం దగ్గర ఉందా? సంఘంలో తీర్మానం రాసేది ఎవరు, జెండా మోసేది ఎవరు?

మొదటి ప్రశ్న అంబేడ్కర్ ఉద్యమం నేర్పింది. రెండోది కూలీ సంఘం నేర్పింది. మూడోది కానేటి మోహనరావు, కొండ్రు సుబ్బారావుల పేర్లు మరుగునపడిన తీరు నేర్పింది. గరగపర్రులో బహిష్కరణ మొదలైన రోజున మొదటి రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు కావలసి వచ్చింది. రేపు మరో ఊళ్లో అలాంటి రోజు వస్తే, ఆ జవాబు ముందే సిద్ధంగా ఉండాలి.